ఆటలోనే మాట ఉంది!

కొత్త కారు బొమ్మ చేతికిస్తే రెండేళ్ల పిల్లాడు ఏం చేస్తాడు? 'బుర్ర్‌...'మంటూ గచ్చు మీద తోలతాడు. సోఫా ఎక్కిస్తాడు. నాన్న వీపు మీదుగా ఘాట్‌రోడ్డు దాటించి, నడినెత్తిన పార్కింగ్‌ చేస్తాడు! కొందరు చిన్నారులు మాత్రం అదే కారును తిరగేస్తారు. ఓ చక్రాన్ని వేలితో తిప్పుతారు. నేలకు చెంప ఆనించి, అది తిరుగుతుంటే కన్నార్పకుండా చూస్తారు. ఆగితే మళ్లీ తిప్పుతారు. పది నిమిషాలు... అరగంట... గంట!

ఇంకొందరికి పది కార్లిస్తే పదింటినీ గోడవారగా బారులు తీరుస్తారు. ఎర్రది ముందు, పచ్చది తర్వాత. మధ్యలో ఒక్కటి జరిపామా... ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. వంటింట్లోని స్టీలు గ్లాసుల మూతలు గిరగిరా తిప్పేవాళ్లు, తలుపు తీసి వేసి తీసి వేసే వాళ్లు, ఫ్యాన్‌ కేసి చూస్తూ మురిసిపోయేవాళ్లు... వీళ్లలో చాలామందిని చూసి చుట్టాలు ముందు మెచ్చుకుంటారు. 'మీవాడు బుద్ధిమంతుడమ్మా, తన మానాన తను ఆడుకుంటాడు' అని. తల్లి మనసుకే ఏదో ముల్లులా గుచ్చుకుంటుంది. పిలిస్తే పలకడు. ఆటలోకి రమ్మనడు. ఆ సంగతి పైకి అంటే... 'వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదులే' అన్న నాయనమ్మ భరోసా ఎటూ ఉంటుంది!

ఆ భరోసా చాలాసార్లు నిజమే అవుతుంది. కొన్నిసార్లు అవదు. ఈ రెండింటికీ తేడాను మాటల కన్నా ముందు పట్టిచ్చేది... ఆటే!

చందమామ రావే అంటే...

ఆటిజం జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. జన్యువుల పాత్ర ఇందులో చాలా ఎక్కువ. ఇతరులతో మాటామంతీ, కలివిడితనం కష్టమవడం ఒక లక్షణం. చేసిందే చేయడం, ఒకే విషయం మీద విపరీతమైన ఆసక్తి, శబ్దాలు, వెలుతురు, స్పర్శ లాంటివి అతిగానో మరీ తక్కువగానో అనిపించడం రెండో లక్షణం. ఏ ఇద్దరు పిల్లల్లోనూ ఇది ఒకేలా ఉండదు. ఒకరు గలగలా మాట్లాడొచ్చు, ఇంకొకరికి ఒక్క మాటా రాకపోవచ్చు. అందుకే వైద్యులు దీన్ని 'స్పెక్ట్రమ్‌' అంటారు.

మనదేశంలో ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించి, 2018లో ప్రచురించిన ఓ పెద్ద అధ్యయనం ప్రకారం... దాదాపు వందమందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ ఐదు ప్రాంతాల్లో మన హైదరాబాద్‌ కూడా ఒకటి. అంటే ఓ మోస్తరు పెద్ద బడిలో నలుగురైదుగురు ఉండే అవకాశం ఉందన్నమాట!

మరి ఆటకీ దీనికీ సంబంధం ఏమిటి? పసివాణ్ని చంకనేసుకుని, పెరట్లో గోరుముద్దలు తినిపిస్తూ అమ్మ ఆకాశంలోకి వేలు చూపిస్తుంది. పిల్లాడు అమ్మ వేలిని చూడడు. వేలు చూపించిన చోటికి చూస్తాడు. చందమామను చూసి, మళ్లీ అమ్మ మొహంలోకి చూసి నవ్వుతాడు. 'నువ్వు చూస్తున్నదే నేనూ చూస్తున్నా' అన్న ఒప్పందం అది! ఇంకొన్నాళ్లకు తనే వేలెత్తి కుక్కపిల్లనో విమానాన్నో చూపిస్తాడు. 'అది నాకివ్వు' అని కాదు... 'అదిగో, నువ్వూ చూడు' అని. మాటలు, ఆటలు అన్నీ మొలకెత్తేది ఈ ఒప్పందంలోంచే. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఆలస్యమవుతుంది. కావల్సిన డబ్బా దగ్గరకు అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారే తప్ప, వేలెత్తి చూపించరు.

రెండోది ఉత్తుత్తి ఆట. లక్కపిడతల్లో లేని అన్నం వండి, లేని కూర వడ్డించి, 'ఉఫ్‌... కాలుతుంది' అంటూ తాతయ్యకు తినిపించడం. అరటిపండును చెవికి ఆనించి 'హలో' అనడం. ఏడాదిన్నర దాటాక పిల్లల్లో ఈ కళ మెల్లగా విచ్చుకుంటుంది. ఒక వస్తువును ఇంకో వస్తువుగా ఊహించగలిగే ఈ శక్తే తర్వాత భాషకూ, ఎదుటివాళ్ల మనసును అర్థం చేసుకోవడానికీ ఊతం అవుతుంది. బ్రిటన్‌కు చెందిన సైకాలజిస్టు సైమన్‌ బారన్‌ కోహెన్‌, ఆయన సహచరులు 1992లో ఏడాదిన్నర పిల్లల కోసం తయారుచేసిన ప్రశ్నావళిలో కీలకమైనవి ఈ రెండే. వేలెత్తి చూపిస్తాడా? ఉత్తుత్తి ఆట ఆడతాడా? దానికి మెరుగులు దిద్దగా వచ్చిందే ఇప్పుడు పిల్లల డాక్టర్లు వాడే 'ఎం-చాట్‌'. పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లల తల్లిదండ్రులను అడిగే 20 ప్రశ్నలు అందులో ఉంటాయి. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. 'పర్వాలేదు' అన్నా అనుమానం తీరకపోతే మళ్లీ చూపించాల్సిందే.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఆటిజం అబ్బాయిల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. కొందరు అమ్మాయిలు తోటిపిల్లలను చూసి అనుకరిస్తారు. బొమ్మకు జడేసి, చీర కట్టి, పెళ్లి చేస్తారు. పైకి చూస్తే అంతా మామూలే. గమనిస్తే... రోజూ అదే పెళ్లి, అవే మాటలు, అదే వరస. ఇంకో పిల్ల వచ్చి 'ఈసారి మీ బొమ్మ కాదు, మా బొమ్మ పెళ్లికూతురు' అంటే ఆట అక్కడితో సరి!

చక్రంలో ఏముంది?

'వద్దురా' అని లాక్కుంటే ఏడుస్తాడు. వదిలేస్తే గంటలకొద్దీ అదే. ఇంతకీ ఆ చక్రంలో ఏముంది?

నిశ్చింత! ఈ పిల్లలకు మన ప్రపంచం మహా గందరగోళంగా ఉంటుంది. మిక్సీ మోత చెవుల్లో మేకులు దిగ్గొట్టినట్టు ఉంటుంది. మెడ దగ్గరి చొక్కా లేబుల్‌ ముల్లులా గుచ్చుతుంది. మనుషుల మొహాలు క్షణానికో రకంగా మారిపోతుంటాయి. అలాంటి చోట చక్రం ఒక్కటే మాట తప్పదు. తిప్పితే తిరుగుతుంది, ప్రతిసారీ అలాగే తిరుగుతుంది. వరసలో పెట్టిన కార్లు పెట్టినట్టే ఉంటాయి. చేతులు ఆడించడం, ఊగడం కూడా చాలామందికి మనసును కుదుటపరచుకునే మార్గమే. ఆ విషయం ఆటిజం ఉన్నవాళ్లే పెద్దయ్యాక చెబుతున్నారు. అమెరికాకు చెందిన పశు శాస్త్ర నిపుణురాలు టెంపుల్‌ గ్రాండిన్‌ తన చిన్నతనంలో సముద్రపు ఒడ్డున గంటల తరబడి వేళ్ల సందుల్లోంచి ఇసుక జారవిడుస్తూ కూర్చునేదట. అదే గ్రాండిన్‌ ఇంకో మాట కూడా చెబుతుంది... ఇంట్లో ఉన్న ఆయా తనను అలాగే వదిలేయకుండా, వంతులవారీగా ఆడే ఆటల్లోకి లాగడం ఎంతో మేలు చేసిందని.

ఈ రెండు మాటల మధ్యే ఉంది అసలు కిటుకంతా. ఆ ఆటను చెడగొట్టకూడదు... అలాగని అక్కడే వదిలేయకూడదు.

తల్లి తప్పా?

ఆటిజం గురించి తొలినాళ్లలోనే వివరంగా రాసినవాళ్లలో ఒకరు లియో కానర్‌. అమెరికాలోని జాన్స్‌ హాప్కిన్స్‌ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడు. పదకొండుమంది పిల్లలను గమనించి 1943లో ఓ వ్యాసం ప్రచురించాడు. గుండ్రటివాటిని తిప్పడం, ఏదీ మారకూడదని పట్టుబట్టడం అన్నీ అందులో ఉన్నాయి. తర్వాతి రోజుల్లో కొందరు నిపుణులు ఆ తప్పంతా తల్లుల మీదికి నెట్టారు. ప్రేమ చూపించని 'ఫ్రిజ్‌ లాంటి తల్లుల' వల్లే పిల్లలు ఇలా అయ్యారన్నారు! ఆ వాదాన్ని 1964లో తన పుస్తకంతో పూర్వపక్షం చేసిన బెర్నార్డ్‌ రిమ్లాండ్‌ స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి. టీకాల వల్ల వస్తుందన్న ప్రచారమూ అంతే. దానికి మూలమైన 1998 నాటి పరిశోధన పత్రాన్ని 'లాన్సెట్‌' పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది.

అయినా మన ఇళ్లల్లో ఆ నింద ఇంకా పోలేదు. 'ఉద్యోగమంటూ తిరిగింది', 'ఎత్తుకోలేదు', 'సెల్‌ఫోన్‌ ఇచ్చి కూర్చోబెట్టింది'... ఏదో ఒకటి తల్లి మెడకే చుట్టుకుంటుంది. ఫోన్‌ వల్ల ఆటిజం వస్తుందనడానికి ఆధారం లేదు. కాకపోతే ఫోన్‌ చేతికిస్తే మనిషితో ఆడే సమయం తగ్గిపోతుంది. ఆ సమయం మిగతా పిల్లల కన్నా వీళ్లకే ఎక్కువ అవసరం.

నేల మీద కూర్చోండి!

ఇదివరకు చికిత్స అంటే పిల్లాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి కార్డులు చూపించడమే. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా నిపుణులు ఆటనే చికిత్సగా మలుస్తున్నారు. 'ఫ్లోర్‌టైమ్‌', 'ఎర్లీ స్టార్ట్‌ డెన్వర్‌ మోడల్‌', 'జాస్పర్‌'... పేర్లు వేరైనా సూత్రం దాదాపు ఒక్కటే. పెద్దవాళ్లు నేల మీద కూర్చోవాలి. పిల్లాడి చూపు ఎక్కడుంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇది పెద్ద నగరాల్లో, ఖరీదైన సెంటర్లలోనే సాధ్యమా? కాదని గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ తేలింది. 2016లో 'లాన్సెట్‌ సైకియాట్రీ'లో వచ్చిన ఆ పరిశోధనలో 65 మంది పిల్లలున్నారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు! తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే వీడియో తీశారు. దాన్ని తల్లిదండ్రులకే చూపించి, 'ఇదిగో, ఇక్కడ వాడు మీవైపు చూశాడు. ఇక్కడ మీరు కాస్త ఆగితే వాడే ముందుకొచ్చాడు' అని గుర్తుచేశారు. కొన్ని నెలలకే తల్లిదండ్రులు పిల్లలకు స్పందించే తీరు మారింది. పిల్లలు తమంతట తాము చొరవ చూపడం పెరిగింది. సెంటర్ల ఫీజులు కట్టలేని ఇళ్లకు ఇది నిజంగా చల్లని కబురు.

ఇంట్లో ఏం చేయొచ్చు? నిపుణులు చెప్పేవి ఇవీ...

* పిల్లాడు కార్లు వరసగా పెడుతుంటే మీరూ పక్కనే ఇంకో వరస పెట్టండి. వాడు చక్రం తిప్పితే మీరూ తిప్పండి. కాసేపటికి ఓరకంట చూస్తాడు. ఆ చూపే మొదటి మెట్టు.

* తర్వాతి కారు మీ చేతిలో ఉంచుకోండి. వాడు చెయ్యి చాపేదాకా ఆగి, 'ఇదిగో కారు' అని ఇవ్వండి. లాక్కోవద్దు, అందించండి. వంతు అనే మాట అలా తెలుస్తుంది.

* వరసకు చివర చిన్న మార్పు చేయండి. ఓ అట్టపెట్టె పెట్టి 'గ్యారేజీ' అనండి. వాడు తోసేస్తే ఊరుకోండి. రేపు మళ్లీ చూడొచ్చు.

* ఉప్పుమూట, దాగుడుమూతలు, ఉయ్యాల... మనిషి లేకుండా ఆడలేని ఆటలివి. ఉయ్యాల ఊపుతూ ఊపుతూ ఆపేయండి. 'ఇంకా' అన్నట్టు చూస్తే, చెయ్యి కదిపితే, ఓ శబ్దం చేస్తే... వెంటనే ఊపండి. మాట రాకముందే మాట్లాడుకున్నట్టే!

* పొడుగు మాటలొద్దు. 'కారు... వచ్చింది... ఢాం!' చాలు.

* కాస్త పెద్ద పిల్లలకు అష్టాచెమ్మా, వామనగుంటలు భేషుగ్గా పనికొస్తాయి. నియమాలు స్పష్టం, వంతులు ఖాయం, గవ్వలూ గింజలూ చేతికి హాయి. నోట్లో పెట్టుకునే పిల్లలైతే గింజలు దగ్గర ఉంచకూడదు.

* బట్టలు ఆరేయడం, చిక్కుళ్లు ఒలవడం, చపాతీ పిండి ముద్దలు చేయడం... ఇవీ ఆటలే. క్లిప్పులు అందించే పిల్లాడికి అమ్మతో కలిసి పనిచేయడం అలవాటవుతుంది.

రోజుకు ఓ పావుగంట చొప్పున రెండు మూడుసార్లు ఆడినా మంచిదే. అలసిపోతే ఆపేయాలి. తాతయ్య, అమ్మమ్మ, మేనమామ... ఇంట్లో ఎంతమంది ఆ నేల మీద కూర్చుంటే అంత లాభం.

గంట కొట్టాక కష్టం

బడిలో ఈ పిల్లలకు ఏ పీరియడ్‌ కష్టం? లెక్కలో సైన్సో కాదు... చాలామందికి ఇంటర్వెల్‌! తరగతిలో ఎవరెక్కడ కూర్చోవాలో, ఏం చేయాలో తెలుసు. గంట కొట్టగానే ఆ క్రమమంతా మాయం. వందలమంది పిల్లలు ఒక్కసారిగా అరుస్తూ పరిగెడతారు. కోతికొమ్మచ్చి నియమాలు ఎవరూ చెప్పరు, చూసి తెలుసుకోవాలి. మధ్యలో అవే మారిపోతాయి కూడా! అలాంటప్పుడు ఆ పిల్లాడు చెవులు మూసుకుని గోడ పక్కనే నడుస్తుంటే 'ఎవరితోనూ కలవడు' అని రాసేస్తారు. కలవాలని ఉన్నా దారి తెలియకపోవడం వేరు, కలవాలని లేకపోవడం వేరు. ఒంటరిగా కాసేపు కూర్చోవడం కొందరికి విశ్రాంతి కూడా.

కుర్చీలాటనే తీసుకోండి. పాట ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగగానే తోపులాట. కుర్చీ దొరక్కపోతే బయటికి. ఈ పిల్లలకు గిట్టనివన్నీ ఒకే ఆటలో ఉన్నాయి! అదే ఆటలో ఎవరినీ బయటికి పంపకుండా, తగ్గుతున్న కుర్చీల్లోనే అందరూ సర్దుకుని కూర్చునేలా మారిస్తే మిగతా పిల్లలకూ నవ్వులే నవ్వులు. పాట ఆగేముందు టీచరు చెయ్యెత్తి చూపిస్తే ఇంకా మంచిది.

చిన్న చిన్న మార్పులు చాలానే ఉన్నాయి. ఇంటర్వెల్‌లో ఏమేం ఆడొచ్చో బొమ్మలతో ఓ కార్డు. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు చెవిలో ఓ మాట. గోల భరించలేనప్పుడు కూర్చునేందుకు ఓ నిశ్శబ్దమైన మూల. వీటికి పెద్దగా ఖర్చుండదు.

ఇక నేస్తాలు. అమెరికాలో కానీ కసారి బృందం మామూలు బడుల్లో చదివే 60 మంది ఆటిజం పిల్లలను గమనించి 2012లో ఫలితాలు ప్రకటించింది. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు వాళ్లు. కొందరికి నిపుణులు నేరుగా స్నేహ నైపుణ్యాలు నేర్పారు. మరికొందరి విషయంలో వాళ్లను వదిలేసి, తోటిపిల్లలకు శిక్షణ ఇచ్చారు. ఎక్కువ ఫలితం ఎక్కడొచ్చిందో తెలుసా? తోటిపిల్లలకు నేర్పిన చోట! ఆటస్థలంలో ఒంటరిగా మిగిలిపోవడం తగ్గింది. బ్రిటన్‌కు చెందిన డామియన్‌ మిల్టన్‌ అనే పరిశోధకుడు చెప్పేదీ ఇలాంటిదే. ఆయనా ఆటిజం ఉన్న వ్యక్తే. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే లేదని, వాళ్లు మనకు అర్థం కానట్టే మనమూ వాళ్లకు అర్థం కామని 2012లో సిద్ధాంతీకరించాడు.

ఇష్టమైనదాన్నే వంతెనగా మార్చిన ఉదాహరణ లెగో ఆట. డేనియల్‌ లెగాఫ్‌ అనే సైకాలజిస్టు దీని మీద 2004లో రాశాడు. ముగ్గురు పిల్లలు. ఒకరు ఇంజినీరు, బొమ్మ చూసి ఏం కావాలో చెప్పాలి. ఒకరు సరుకులిచ్చేవాడు, ఆ ముక్కలు వెతికివ్వాలి. ఇంకొకరు మేస్త్రి, కట్టాలి. ఒకరితో ఒకరు మాట్లాడకపోతే ఇల్లు లేవదు! కాసేపటికి పాత్రలు మార్చుకుంటారు. చెక్కముక్కలతో, అగ్గిపెట్టెలతో మన అంగన్‌వాడీలోనూ ఇది ఆడించొచ్చు.

ఆడుకోవడం హక్కు

'మీవాణ్ని మేం చూసుకోలేమండీ' అన్న మాట విని బడి గేటు దగ్గర్నుంచే వెనుదిరిగే తల్లిదండ్రులు ఇప్పటికీ ఎందరో. చట్టం మాత్రం వేరేలా చెబుతోంది. వికలాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులు పొందే బడులైనా, గుర్తింపు ఉన్న బడులైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని పదహారో సెక్షన్‌ అంటోంది. చదువుతోపాటు ఆటలకూ వినోదానికీ అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. 'స్పోర్ట్స్‌ డే రోజు మీవాణ్ని పంపకండి' అనడం ఆ చట్టానికే విరుద్ధం.

అనుమానం వస్తే ఎదురుచూడటం మంచిది కాదు. పిల్లల డాక్టరును అడగొచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ... ఒకప్పటి ఎన్‌ఐఎంహెచ్‌, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ... ఈ రంగంలో దేశానికే పెద్దదిక్కు. మనదేశంలో ఆటిజం తీవ్రతను లెక్కగట్టడానికి, సర్టిఫికెట్‌ ఇవ్వడానికి వాడే 40 అంశాల కొలమానం రూపుదిద్దుకుంది అక్కడే. నిర్ధారణ పూర్తయ్యేదాకా ఆట మొదలుపెట్టకుండా ఆగాల్సిన పనిలేదు. ఆటిజం లేదని తేలినా ఆ ఆట వృథా పోదు కదా!

మొక్కజొన్న చాళ్ల లెక్క

కానర్‌ రాసిన పదకొండుమందిలో మొదటివాడు డొనాల్డ్‌ ట్రిప్లెట్‌. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్‌ అనే చిన్న ఊరు. గిరగిరా తిరిగేదల్లా అతనికి ఆటవస్తువే. మూడేళ్లప్పుడు డాక్టర్ల సలహాతో ఓ సంస్థలో పెట్టిన తల్లిదండ్రులు, ఏడాది తర్వాత మనసొప్పక ఇంటికి తెచ్చేసుకున్నారు. కొన్నేళ్లకు ఓ రైతు దంపతుల దగ్గర ఉంచారు. ఆ దంపతులు పెద్ద చదువులు చదివినవాళ్లేం కాదు. కొలతల పిచ్చి ఉన్న ఆ పిల్లాడికి బావి తవ్వే పని పెట్టి, లోతు ఎంతో చెప్పమన్నారు. మొక్కజొన్న చాళ్లను అదేపనిగా లెక్కపెడుతుంటే వద్దనలేదు... నాగలి చేతికిచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నారు! చూడటానికి వచ్చిన కానర్‌ ఆశ్చర్యపోయాడు.

డొనాల్డ్‌ కాలేజీ చదివాడు. సొంతూళ్లో బ్యాంకులో పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్‌ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. ఆటిజం పోలేదు, చివరిదాకా అలాగే ఉంది. అతని తీరు అతనిదేనని ఊరు ఊరంతా సర్దుకుపోయింది. 2023లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

అందరు పిల్లలూ డొనాల్డ్‌లా కాకపోవచ్చు. కొందరికి జీవితాంతం తోడు కావాలి. కానీ ఆ రైతు చేసిన పని మాత్రం ఎవరైనా చేయొచ్చు. పిల్లాడి లెక్కను చెరపలేదు, ఆ లెక్కలోకి ఓ నాగలినీ ఓ చేనునూ తెచ్చి కలిపాడు. అంతే!